నాడె పురుగు

ఆ వానాకాలం మా ఇంట్లో ముగ్గురు మనుషులం, రెండు వందల నలభై మూడు పురుగులు. మనుషులకే చాలని ఇల్లు అది. సూరత్‌లోని డిండోలీలో రెండో అంతస్తు, రెండు గదులు, పైన డాబా. పురుగులు డాబా మీద నీళ్ళ డ్రమ్ముల్లో ఉండేవి కాబట్టి సర్దుకుపోయాం. నిజం చెప్పాలంటే వాటితో మాకు ఏ ఇబ్బందీ లేదు. మా ముగ్గురికీ ఒకరితో ఒకరికే ఇబ్బంది.

కరోనా వచ్చిన మొదటి ఏడాది సంగతి ఇది. మార్చిలో మూసిన కార్ఖానాలు జూన్‌లో ఒకటీ అరా తెరిచారు. మా ఆయన లక్ష్మీరాజానికి మాత్రం పిలుపు రాలేదు. ఆయనది మగ్గం నడిపే పని కాదు. మగ్గానికి కొత్త బీము ఎక్కించినప్పుడు, దానికి చుట్టిన వేల పోగుల్ని ఒక్కొక్కటిగా ఫణిలోంచి లాగే పని. ఫణి అంటే ఇనుప దువ్వెన లాంటిది, పోగుల్ని విడివిడిగా ఉంచుతుంది. దాని తీగల మధ్య సందుల్ని కండ్లు అంటారు. పోగు పోవాల్సింది ఆ కండ్లలోంచే. ఒక్క కన్ను తప్పితే చీర పొడుగునా గీత పడుతుంది. ఇరవై ఆరేళ్ళలో లక్ష్మీరాజం చేతిలో కన్ను తప్పలేదని సేఠ్ నలుగురిలో చెప్పేవాడు. కానీ ఉన్న బీములే ఖాళీ కానప్పుడు కొత్త బీము ఎవరికి కావాలి? అందుకని ఆయన ఇంట్లోనే.

పని లేని మగవాణ్ణి ఇంట్లో పెట్టుకోవడం ఎంత కష్టమో ఆ ఏడాది ఆడవాళ్ళందరికీ తెలిసే ఉంటుంది. మా ఆయన వేళ్ళు ఊరుకునేవి కావు. కూర్చున్న చోట తువ్వాలలోంచి పోగులు లాగేవాడు. ఏప్రిల్లో ఒక తువ్వాల, మేలో రెండు పోయాయి. మగ్గాల చప్పుడుకు చెవులు మొద్దుబారిన మనిషి కాబట్టి మాట్లాడితే అరుపే. కూరలో ఉప్పు తక్కువైందని ఆయన అంటే, వీధి చివర ఎల్లవ్వ తన కూర రుచి చూసుకునేది. జూన్ వచ్చేసరికి ఆ అరుపు ఆగిపోయింది. ఉప్పు తక్కువైనా తినేసి లేచేవాడు. మొదట్లో హాయిగా ఉందనుకున్నాను. తర్వాత భయం వేసింది.

మా అమ్మాయి హిమశ్రీది ఇంకో బాధ. జంతువుల చదువులో ఎమ్మెస్సీ చివరి ఏడాది. నీటి పురుగుల మీద ఒక పుస్తకం రాసివ్వాలి. ఫిబ్రవరిలో పల్సానా దాటి పొలాల గుంటల్లోంచి అరవై పురుగుల్ని పట్టి, యూనివర్సిటీ మైక్రోస్కోపులో వాటి వీపు మీది గీతలు లెక్కపెట్టి వచ్చింది. ఇంకో రెండు వందలు సూరత్ పట్నం లోపలివి లెక్కపెడితే పని అయిపోతుంది. ఇంతలో యూనివర్సిటీకి తాళం పడింది. మైక్రోస్కోపు లోపల, హిమశ్రీ బయట. సెప్టెంబరు పదిహేను లోపల లెక్కలు రాకపోతే వచ్చే ఏడాదే అని వాళ్ళ దక్షా మేడమ్ ఫోన్లో చెప్పింది. ఆ రోజు నుంచి మా అమ్మాయి తలుపు వేసిన శబ్దాన్ని బట్టి ఆమె కోపం ఎంతుందో తెలుసుకునేవాళ్ళం.

జూన్ మధ్యలో మొదటి వాన పడింది. మర్నాడు పొద్దున నీళ్ళు తోడటానికి డాబా ఎక్కిన మా ఆయన ఎంతకీ దిగలేదు. వెళ్ళి చూస్తే డ్రమ్ములోకి తల వంచుకుని నిలబడి ఉన్నాడు.

"ఏం పడ్డది అండ్ల?" అన్నాను.

"నాడె," అన్నాడు.

తొంగి చూశాను. నువ్వు గింజంత పురుగు. ఈ అంచు నుంచి ఆ అంచుకు, ఆ అంచు నుంచి ఈ అంచుకు, చేతిమగ్గం మీద అడ్డపోగు మోసే నాడె తిరిగినట్టు సర్రున తిరుగుతోంది. మధ్యలో పైకి వచ్చి, వెనక భాగం నీళ్ళ బయట పెట్టి, సూదిమొనంత గాలి బుడగ పట్టుకుని మళ్ళీ మునుగుతోంది. ఆయన చిన్నప్పుడు వాళ్ళ నాయన చేతిమగ్గం నేసేవాడు. నాడె అనే మాట ఆయన నోట విని నాకు పదేళ్ళు దాటి ఉంటుంది.

హిమశ్రీ చెప్పులు కూడా వేసుకోకుండా పైకి వచ్చింది. "అమ్మా, నీళ్ళు కదిలియ్యకు. ఇదే. బిల్కుల్ ఇదే," అంది.

"గింత పురుగు కోసమా గన్ని పుస్తకాలు?"

"గింతదే. ఇంకా పెద్దగ గాదు. వేడి దేశాలల్లనే ఉంటది. వాన పడంగనే ఎగురుకుంట వచ్చి నిలిచిన నీళ్ళల్ల దిగుతది. దోమపిల్లల్ని తింటది. నేను పల్సానా దాకా బస్సుల పోయి పట్టుకొస్తి, ఇది మన డ్రమ్ముకే వచ్చింది." అంతలోనే ఆమె ముఖం వాడిపోయింది. "వచ్చి ఏం లాభం? గీతలు ఎట్ల లెక్కవెట్టాలె? ఫోన్ల తీస్తె మొత్తం మసక మసకనే."

ఆయన కిందికి వెళ్ళి రేకు పెట్టె తెరిచాడు. ఫణికి అంగుళానికి ఎన్ని కండ్లున్నాయో చూసే మడత భూతద్దం ఒకటి ఆయన దగ్గర ఉంది. దాన్ని పట్టుకొచ్చి, బొటనవేలి గోరు తడి చేసి, పురుగును దాని మీదికి ఎక్కించి, అద్దం కంటికి ఆనించాడు. మూడు నెలలుగా వంగి ఉన్న వీపు నిటారుగా నిలబడటం నేను చూశాను.

"ఇరవై," అన్నాడు.

"నేను జూస్త బాపు." హిమశ్రీ చాలాసేపు చూసింది. "నాకు ఇరవై ఒకటి వస్తున్నయ్," అంటూ నోటుపుస్తకంలో రాసుకుంది.

ఆయన మళ్ళీ చూశాడు. "ఇరవై."

ఆమె రాసింది కొట్టేసి, ఇరవై అని దిద్దింది. నేను అడగకుండానే నా వైపు తిరిగి, "బాపు కన్ను తప్పది గద," అంది. మొదటి అయిదు పురుగులకూ అదే వరస. ఆరోదాని నుంచి ఆమె చూడటం మానేసి రాయడమే పనిగా పెట్టుకుంది.

అలా మొదలైంది. రోజూ పొద్దున ఏడింటి నుంచి ఎండ ఎక్కేదాకా తండ్రీకూతుళ్ళు డాబా మీదే. డ్రమ్ములోంచి పురుగు రావాలి, గోరు మీద కూర్చోవాలి, ఆయన అంకె చెప్పాలి, ఆమె రాయాలి, లెక్క అయిన పురుగు ఎర్ర బకెట్లోకి పోవాలి. ఎగిరిపోకుండా బకెట్ మీద నెట్ గుడ్డ కట్టారు. డ్రమ్ముల్లోవి అయిపోతే, మా వెనక సందులో కట్టడం ఆగిపోయిన అపార్టుమెంటు పునాది గుంటకు వెళ్ళేవాళ్ళు. ముక్కులకు మాస్కులు, చేతిలో నా పిండి జల్లెడ. ఆ జల్లెడ మళ్ళీ వంటింటి ముఖం చూడలేదు. ఇప్పటికీ అడుగుతూనే ఉంటాను.

పక్క గల్లీకి వెదురు కర్రలు అడ్డం కట్టి సీల్ వేశారు. ఆంబులెన్సు కూత వినబడితే ముగ్గురం మాట ఆపేవాళ్ళం. ఆ భయం ఆ భయమే. కానీ పైనుంచి "పంతొమ్మిది", "ఇరవై" అని ఆయన అరుపు వినబడుతుంటే కింద రొట్టెలు కాలుస్తూ నాకు ఎంత ధీమాగా ఉండేదో. ఎల్లవ్వ ఒకరోజు వచ్చి, "మీ ఆయన పొద్దుగాల్నే గేదో వేలంపాట పాడుతుండు, ఏంది?" అని అడిగింది. పురుగులు లెక్కపెడుతున్నాడని చెబితే నా వైపు ఒకలా చూసి వెళ్ళిపోయింది.

జూలై చివర్లో కార్పొరేషన్ నుంచి ఒక ఆడమనిషి వచ్చింది. వానాకాలంలో ప్రతి ఇంటి డాబా ఎక్కి, నిలవ నీళ్ళలో దోమపిల్లలు ఉన్నాయేమో చూసి, ఉంటే మందు పోసి వెళ్తారు. మూత లేని మూడు డ్రమ్ములు చూసేసరికి ఆమెకు చిర్రెత్తింది. "బెన్, ఆ పాణీ ఢోళీ నాఖో," అంటూ పారబొయ్యమని చెయ్యి ఊపి, చేతిలోని డబ్బా మూత తీసింది. హిమశ్రీ ఆ సమయానికి కింద స్నానం చేస్తోంది.

మా ఆయన సేఠ్‌కు ఎదురు చెప్పి ఎరగడు. ఇంటి ఓనరుకు కూడా ఎదురు చెప్పడు. ఆరోజు వెళ్ళి డ్రమ్ముకు అడ్డంగా నిలబడ్డాడు.

"నహీ డాల్‌నా. మేరీ బేటీ కా ఇమ్తిహాన్ హై ఇస్మే," అన్నాడు. ఆ అరుపుకు ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

డ్రమ్ములో పరీక్ష ఏమిటో ఆమెకు అర్థం కాలేదు. టార్చి వేసి నీళ్ళలోకి చూసింది. ఒక డ్రమ్ము చూసింది, రెండోది చూసింది, మూడోది కూడా చూసింది. ఒక్క దోమపిల్ల లేదు. నాడె పురుగులు ఎప్పుడో తినేశాయి. చివరికి డబ్బా మూత పెట్టేసి, తలుపు మీద సుద్దతో ఏదో గుర్తు వేసి, పక్కింటికి వెళ్ళింది. ఆ గుర్తుకు అర్థమేమిటో మాకు ఇప్పటికీ తెలియదు. మా ఆయన మాత్రం దాన్ని తుడవనివ్వలేదు.

ఆగస్టు ఆఖరుకు లెక్క రెండు వందల నలభై మూడు అయింది. హిమశ్రీ రెండు రోజులు కూర్చుని అన్నీ కలిపి చూసింది. పల్సానా పొలాల పురుగుల్లో ఎక్కువ వాటికి ఇరవై ఒక్క గీతలు, కొన్నింటికి ఇరవై. పట్నం పురుగుల్లో ఎక్కువ వాటికి ఇరవై, కొన్నింటికి పంతొమ్మిది. రెండింటికీ మధ్య సరిగ్గా ఒక గీత తేడా.

దక్షా మేడమ్ ఫోన్లో రెండుసార్లు అడిగిందట, నిజమేనా అని. నిజమైతే ఇది చిన్న సంగతి కాదని, సోమవారానికి మొత్తం రాసి పంపితే తను పెద్దవాళ్ళకు చూపిస్తానని అందట. ఫోను పెట్టేసి హిమశ్రీ తండ్రి భుజాలు పట్టుకుని ఊపేసింది. ఎమ్మెస్సీలో చేరినప్పటి నుంచి ఆమె ఆయన్ని ముట్టుకోవడం నేను చూడలేదు.

ఆయన నవ్వి, కాసేపు ఆలోచించి, "అయితే పట్నం వచ్చినంక దానికి ఒక గీత పోయిందన్నట్టు," అన్నాడు. "మనకు గూడ ఏం పోయిందో జూసుకోవాలె."

తమాషాకే అన్నాడు గానీ ఆ మాట నాకు గుచ్చుకుంది.

ఇక వీధికంతా తెలిసింది. ఎల్లవ్వ గుమ్మంలోనే నిలబడి, "రాజమన్న కొత్త పురుగును కనిపెట్టిండట గద. పేపర్ల ఫోటో ఏస్తరా?" అని అడిగింది. వేస్తారేమో అన్నాను. నేనేమీ తక్కువ తినలేదు. మా చెల్లెలికి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను.

ఆ గురువారం నా పని మళ్ళీ మొదలైంది. మార్కెట్ నుంచి చీరలు తెచ్చి లేసు కుట్టి ఇచ్చే పని నాది. ఆ రోజు వచ్చిన చీరకు లేసు కొంచెం తక్కువైంది. ఇంట్లో అలాంటివే రెండు చుట్టలున్నాయి. చూడటానికి ఒకేలా ఉంటాయి, జరీ గీతల లెక్కలోనే తేడా. ముప్ఫై ఒక్క గీతలది కావాలని చీటీలో రాసి ఉంది. నా కంటికి ఆనలేదు.

"జర ఇది జూసి చెప్పుండ్రి, ఎన్ని గీతలున్నయో," అని ఒక చుట్ట ఆయన ముందు పెట్టాను.

ఆయన అద్దం తీసి కంటికి ఆనించాడు. "ముప్ఫై."

రెండో చుట్ట ఇచ్చాను. "ఇరవై ఎనిమిది," అన్నాడు.

అయితే ముప్ఫై ఒకటి ఏదీ కాదు. అలా ఉండటానికి వీల్లేదు, లోగడ ఆ లేసు ఈ రెండు చుట్టల్లో ఒకదాంట్లోంచే కుట్టాను. మొదటి చుట్ట తీసుకుని, కిటికీ దగ్గర కూర్చుని, సూది మొనతో ఒక్కో గీతా దాటుతూ లెక్కపెట్టాను. ముప్ఫై ఒకటి. ఇంకోసారి. ముప్ఫై ఒకటి.

"మీరు గీతలు లెక్కవెట్టిండ్రా, నడుమ సందులు లెక్కవెట్టిండ్రా?"

"సందులే," అన్నాడు చాయ్ ఊదుకుంటూ. "గీతలెవరు లెక్కవెడ్తరు? పోగు పోయేది సందుల నుంచి గద."

అని చాయ్ తాగి డాబా మీదికి వెళ్ళిపోయాడు. నా చేతిలో సూది అలాగే ఉండిపోయింది.

రొట్టెలు లెక్కపెట్టమంటే సరిగ్గానే పెడతాడు. చీరలు, బస్సులు, మనుషులు, ఏదైనా సరే. ఆ అద్దం కంటికి ఆనిందంటే మాత్రం ఆయన కార్ఖానాలో ఉన్నట్టే. తీగ కనబడదు, కన్నే కనబడుతుంది. గీతలు ఇరవై ఒకటుంటే వాటి నడుమ సందులు ఇరవై. రెండు వందల నలభై మూడు పురుగుల్లో ఒక్కదానికీ గీత పోలేదు. పోయిందని మేమే రాసుకున్నాం.

ఆ రోజు చెప్పలేదు. శుక్రవారం కూడా చెప్పలేదు. హిమశ్రీ బట్టలు ఉతుకుతూ పాడుకుంటోంది. అలాంటప్పుడు ఎలా చెప్పేది? శనివారం ఆయన ఊళ్ళో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి, పట్నం పురుగుకు గీత ఎట్లా పోయిందో అరగంట సేపు అరిచి చెప్పాడు. ఆ అరుపు ఆగిపోయిన రోజుల్లో దాని కోసం ఎంతగా ఎదురుచూశానో. ఇప్పుడు ఈ సంగతి చెబితే అది మళ్ళీ ఆగిపోతుందేమోనని భయం. చెప్పకపోతే పిల్ల చదువులో అబద్ధం పడుతుంది. కన్ను తప్పితే ఆ గీత మొదటి మూరలో ఎవరికీ కనబడదని, చీర మొత్తం విప్పాక కనబడుతుందని, అది చూసి కూడా చూడనట్టు ఊరుకున్నవాడే అసలు దొంగ అని ఆయన నాకు ఎన్నిసార్లు చెప్పాడో. ఆ మూడు రోజులూ ఆ దొంగను నేనే.

ఆదివారం పొద్దున లేచాక ఇక నా వల్ల కాలేదు. విరిగిన ఫణి ముక్క ఒకటి ఇంట్లో ఉంది, జానెడు కూడా ఉండదు. చీర కుచ్చులు దువ్వుకోవడానికి వాడుకునేదాన్ని. దాన్ని తీసుకుని డాబా ఎక్కాను. ఆయన ఎర్ర బకెట్ నీళ్ళు మారుస్తున్నాడు.

"దీంట్ల కండ్లెన్ని?" అని అడిగాను.

అద్దం లేకుండానే, ఒక్కసారి వేలు ఆనించి, "నలభై," అన్నాడు.

"తీగలు?"

నవ్వాడు. "తీగలతోని నీకేం పని?"

"జర లెక్కవెట్టుండ్రి."

నా ముఖం చూసి నవ్వు ఆపాడు. గోరుతో ఒక్కో తీగా మీటుతూ పోయాడు. టిక్, టిక్ అని చిన్న చప్పుడు. చివరి తీగ దగ్గరికి వచ్చి, "నలభై ఒకటి," అన్నాడు. గోరు ఆ తీగ మీదే ఆగింది.

ఆయన బకెట్ వైపు చూశాడు. నేను ఆరేసిన బట్టల వైపు చూశాను. ఒక పురుగు పైకి వచ్చి, బుడగ పట్టుకుని, కిందికి పోయింది.

"ఎన్నడు తెలిసింది నీకు?"

"లేసు జూసిన నాడు."

"మూడు దినాలాయె." ఫణి ముక్క నా చేతికి ఇచ్చేశాడు. "పెండ్లయినకాన్నుంచి నువ్వు ఒక మాట మూడు దినాలు ఆపుకున్నది ఇదే మొదటిసారి," అన్నాడు. గొంతు చాలా చిన్నగా ఉంది. బకెట్ మీద నెట్ గుడ్డ కట్టి, చేతులు తుడుచుకుని, మెట్లు దిగాడు.

హిమశ్రీ కిటికీ దగ్గర కూర్చుని మేడమ్‌కు పంపాల్సింది రాసుకుంటోంది. ఆయన ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు.

"బిడ్డా, అన్నిట్ల ఒకటి కలుపు."

"దేంట్ల, బాపు?"

"పురుగుల లెక్కల. గీతలు గాదు, నేను సందులు లెక్కవెట్టిన. ఫణి జూసినట్టు జూసిన."

ఆమెకు వెంటనే అర్థమైంది. చదువుకున్న పిల్ల కదా. కలం కింద పెట్టి, లెక్కలు రాసిన మొదటి నోటుపుస్తకం తెరిచి, మొదటి పేజీ తీసింది. కొట్టేసిన అంకెలు అయిదు. ఇరవై ఒకటి, ఇరవై ఒకటి, ఇరవై, ఇరవై ఒకటి, ఇరవై ఒకటి. వాటి పక్కన దిద్దిన అంకెలు.

"నాకు మొదటి దినమే ఇరవై ఒకటి వచ్చింది," అంది.

"మరి గట్టిగ ఎందుకు చెప్పకపోతివి?"

"నీ కన్ను తప్పది గద బాపు."

ఆయన ఆ పేజీ మీద చెయ్యి పెట్టి కూర్చున్నాడు. "నా కన్ను తప్పలే. నీ కన్ను గూడ తప్పలే," అన్నాడు. "ఇంకొక్కసారి నీకు ఇరవై ఒకటి కనవడితె ఇరవై ఒకటే రాయి. నేను కాదన్నా సరే."

హిమశ్రీ తల ఊపింది. నేను ఏడ్చాను. దాచుకోవాల్సిందేముంది, ఏడ్చాను.

మధ్యాహ్నానికల్లా ఆమె తేరుకుంది. ఊరికే ఒకటి కలిపితే సరిపోదని, పరీక్షించి చూడాలని పట్టుబట్టింది. బకెట్లోంచి ముప్ఫై పురుగులు తీశారు. ఆయన తన పద్ధతిలో సందులు లెక్కపెట్టి ఒక కాగితం మీద రాసుకున్నాడు. ఆమె గీతలు లెక్కపెట్టి ఇంకో కాగితం మీద రాసుకుంది. ఒకరిది ఒకరు చూడలేదు, ఒకరికొకరు చెప్పుకోలేదు. సాయంత్రం రెండు కాగితాలూ నా ముందు పెట్టారు, న్యాయం చెప్పమన్నట్టు. ఏడో తరగతి చదువు నాది, అయినా చూశాను. ముప్ఫైకి ముప్ఫై, సరిగ్గా ఒకటే తేడా.

సోమవారం మేడమ్‌తో ఫోన్ స్పీకర్లో పెట్టి మాట్లాడింది. ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. లెక్కపెట్టింది తను కాదని, బీము పని చేసే తన తండ్రి అని, పోగులు పోయే సందుల్ని లెక్కపెట్టాడని. మా ఆయన గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. తువ్వాల అంచులోంచి ఒక పోగు అప్పటికే వేలికి చుట్టుకుంది.

మేడమ్ హిందీలో అడిగింది, ముప్ఫైలో ఒక్కదానికైనా రెండు తేడా వచ్చిందా అని. రాలేదని హిమశ్రీ చెప్పింది. అప్పుడు మేడమ్ నవ్వింది. మైక్రోస్కోపు ముందు కూర్చున్న తన పిల్లలు ఒకే పురుగును మూడుసార్లు చూసి మూడు అంకెలు చెబుతారని, ఇలా తప్పినా ఒకే తీరుగా తప్పే మనిషి దొరికితే వదులుకోనని అంది. అన్నింటికీ ఒకటి కలపమంది. ఎందుకు కలిపారో, ఎవరు లెక్కపెట్టారో, ఆ ముప్ఫై లెక్కతో సహా పుస్తకంలో రాయమంది. పెద్దవాళ్ళకు చూపించాల్సిన సంగతి మాత్రం ఇక లేదు. పొలం పురుగుకూ పట్నం పురుగుకూ తేడా లేదు. అదే ఈ పుస్తకం తేల్చిన మాట అంది.

ఫోను పెట్టాక మా ఆయన వేలికి చుట్టుకున్న పోగు విప్పుకున్నాడు. "అంటే పట్నం వచ్చినా దానిది ఏం పోలేదు," అన్నాడు.

"ఏం పోలే, బాపు," అంది హిమశ్రీ.

"మంచిగున్నది గద మరి," అన్నాడు ఆయన. ఆ రాత్రి కూరలో ఉప్పు తక్కువైందని వీధంతా వినబడేలా అరిచాడు. అంత తృప్తిగా నేనెప్పుడూ ఉప్పు వడ్డించలేదు.

పుస్తకం గడువుకు రెండు రోజుల ముందే అందింది. అట్ట వేయించిన ప్రతి ఒకటి మా రేకు పెట్టెలో ఉంది. అందులో పదకొండో పేజీలో ఆయన పేరు ఇంగ్లీషులో ఉంది. హిమశ్రీ దాన్ని తెలుగులో చెప్పింది: ఈ లెక్కలు చేసినవారు బీము పనివారు లక్ష్మీరాజం, వారి వృత్తిలో సందుల్ని లెక్కించడం పద్ధతి కనుక ప్రతి అంకెకూ ఒకటి కలపబడింది. ఆయన మూడుసార్లు చదివించుకున్నాడు. దీపావళి ముందు కార్ఖానా నుంచి పిలుపు వచ్చింది. పేపర్లో ఫోటో ఎప్పుడు వేస్తారని ఎల్లవ్వ ఇంకో రెండు నెలలు అడిగింది, తర్వాత మానేసింది.

మరుసటి ఏడాది ఎండాకాలం ఇంకా కష్టంగా గడిచింది. మా వీధిలోనే ముగ్గురు పోయారు. మేం ముగ్గురం మిగిలాం. జూన్‌లో మొదటి వాన పడిన మర్నాడు ఆయన డ్యూటీకి బయలుదేరుతూ, టిఫిన్ డబ్బా మెట్ల మీద పెట్టి డాబా ఎక్కాడు. హిమశ్రీ అప్పటికే ల్యాబులో ఉద్యోగానికి వెళ్ళిపోయింది. నేను పిండి కలుపుతున్నాను.

"ఇరవై," అని పైనుంచి అరిచాడు.

"ఒకటి కలుపుండ్రి," అన్నాను కిందినుంచి.

"కలిపినంకనే చెప్తున్న. నమ్మకపోతె వచ్చి జూసుకో."

పిండి చేతులు కడుక్కుని పైకి వెళ్ళాను. అంతటి వానాకాలం గడిచినా నేను ఆ అద్దంలోంచి ఒక్కసారీ చూడలేదు. ఆయన తన గోరు మీద పురుగును పెట్టుకుని నా ముందుకు చాపాడు. అద్దం ఎలా పట్టుకోవాలో చూపించాడు. మొదట అంతా మసక, తర్వాత ఒక్కసారిగా తేటపడింది. తేనె రంగు వీపు, దాని మీద నేసినట్టు సన్నని నల్లని గీతలు. నేను వాటిని సూదితో లేసు గీతలు దాటినట్టు ఒక్కొక్కటే దాటుతూ పోయాను. ఆయన అడ్డు మాట్లాడలేదు. డ్యూటీకి వేళ అవుతున్నా చెయ్యి కదపకుండా నిలబడ్డాడు.

నాకు ఇరవై ఒకటి వచ్చి ఉంటే ఇరవై ఒకటే చెప్పేదాన్ని. ఇరవయ్యే వచ్చాయి.